ఇంగ్లీషు మాటల్లో మక్కా

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ఈ సభలో ఏటా నన్ను చదువు గొప్పతనం గురించి మాట్లాడమంటారు. ఈసారి దాని జోలికి పోను. చదువు గొప్పదని తెలియబట్టే కదా మీరంతా పని మానుకొని ఈ ఎండలో ఇంతదూరం వచ్చారు. నేను ఇంగ్లీషు టీచర్ని. ఇరవై ఎనిమిదేళ్ళుగా హైస్కూలు పిల్లలకు ఆ భాష చెబుతున్నాను. ఈరోజు ఒకే ఒక్క మాట గురించి, ఒక ఊరి పేరు గురించి చెప్పి కూర్చుంటాను. ఆ ఊరు మక్కా.

పోయిన సంవత్సరం తొమ్మిదో తరగతిలో ఒక పేరా చదివిస్తున్నాను. ఒక గ్రామర్ పుస్తకంలోది. లండన్‌లోని లార్డ్స్ మైదానం క్రికెట్‌కు ‘మెక్కా’ అని అందులో ఒక వాక్యం ఉంది. వెనక బెంచీలో ఒక అబ్బాయి లేచి నిలబడ్డాడు. మామూలుగా నోరు విప్పని పిల్లవాడు. “మేడమ్, మా దాదీ పోయినేడు హజ్‌కు పోయొచ్చింది. ఆ మక్కా, ఈ మెక్కా ఒకటేనా?” అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే పక్కనున్నవాడు, “లార్డ్స్‌లో కూడా ఏడు చుట్లు తిరుగుతారేమోలేరా” అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ పిల్లవాడు తల దించుకొని కూర్చున్నాడు. నేనేం చేశాను? “అది అలంకారం, రూపకం అంటారు, అర్థం నోట్సులో రాసుకోండి” అని చెప్పి తర్వాతి వాక్యానికి వెళ్ళిపోయాను. సిలబస్ పూర్తి చేయాలన్న తొందర నాది.

మరుసటి రోజు వాళ్ళ నాన్న బడికి వచ్చాడు. పరుపులు కుట్టే పని ఆయనది. చొక్కా మీద ఇంకా దూది అంటుకొనే ఉంది. “పిల్లోడు రాత్రి అన్నం సరిగా తిన్లేదు మేడమ్. మన మక్కాను ఆటస్థలంతో పోల్చి పుస్తకంలో రాసినారంట, నిజమేనా?” అన్నాడు. నేను రూపకం గురించి మళ్ళీ మొదలుపెట్టాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. విని, “మా అమ్మ ముప్పై ఏండ్లు దూది ఏకి, పైసా పైసా కూడబెట్టి పోయొచ్చింది మేడమ్” అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. నేనూ ముస్లింనే గదా అని నసిగాను. “అందుకే మీ దగ్గరికొచ్చినా” అన్నాడు.

ఆయనకు నేను ఆరోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. నెల రోజులు టైము అడిగాను. ఆ నెలలో చదివి, ఆలోచించి తెలుసుకున్నదే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ముందు పేరు సంగతి. దివ్య ఖుర్ఆన్‌లో మక్కా అన్న పేరు ఒకే ఒక్కచోట, 48వ సూరా అల్ ఫత్‌హ్‌లో 24వ ఆయత్‌లో వస్తుంది. 3వ సూరా ఆలి ఇమ్రాన్ 96వ ఆయత్‌లో ‘బక్కా’ అని ఉంది. ఊళ్ళన్నిటికీ తల్లి అనే అర్థంలో ‘ఉమ్ముల్ ఖురా’ అనే పేరు కూడా ఉంది. అరబ్బీలో మక్కా ఎలా రాస్తారో మదరసాకు వెళ్ళిన పిల్లలు ఇట్టే చెబుతారు. మీమ్ మీద జబర్, కాఫ్ మీద తష్దీద్, చివర గుండ్రటి తే. జబర్ ఉంది కనుక ‘మ’, తష్దీద్ ఉంది కనుక ‘క్క’. చివరి గుండ్రటి తే దగ్గర ఆగితే సన్నగా ‘హ్’ అని పలుకుతుంది. కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో ఎం, ఎ, కె, కె, ఎ, హెచ్ అని రాస్తే అరబ్బీకి దాదాపు సరిపోతుంది. తెలుగువాళ్ళం మనకు ఏ ఇబ్బందీ లేదు. ఉర్దూ మీదుగా వచ్చింది కనుక చివర దీర్ఘమిచ్చి ‘మక్కా’ అంటాం, అంతే. ఇక్కడ మన పల్లెటూరి ముసలమ్మ పలికినంత బాగా లండన్ ప్రొఫెసర్ కూడా పలకలేడు. ఇంగ్లీషులో రెండు సి-లు రాసి కూడా ఒక్క ‘క’నే పలుకుతారు, ‘మెకా’ అని.

ఎం పక్కన ‘ఇ’ ఎందుకు వచ్చింది? అరబ్బుల నోట జబర్ చాలాచోట్ల ‘ఎ’ వైపు ఒరుగుతుంది. యూరప్ వాళ్ళు విన్నది విన్నట్టు రాసుకున్నారు. మదీనా ‘మెదీనా’ అయింది, ముహమ్మద్ ‘మొహమ్మెద్’ అయింది, అహ్మద్ ‘అహ్మెద్’ అయింది. ఇందులో కుట్ర ఏమీ లేదు. 1853లో రిచర్డ్ బర్టన్ అనే ఆంగ్లేయుడు, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసినవాడు, పఠాను వేషం వేసుకొని దొంగతనంగా మక్కా వెళ్ళొచ్చి పుస్తకం రాశాడు. ఆయన తన పుస్తకం పేరులో రెండు సి-లు రాసి చివర హెచ్ కూడా పెట్టాడు. అంటే అప్పటికి ఇంగ్లీషువాళ్ళకే ఒక నిలకడ లేదన్నమాట. ఆ తర్వాత ఎం, ఇ, సి, సి, ఎ అన్నదే స్థిరపడిపోయింది.

1980ల్లో సౌదీ ప్రభుత్వం, మా ఊరి పేరు ఇంగ్లీషులో ఇకనుంచి ఎం, ఎ, కె, కె, ఎ, హెచ్ అని నిర్ణయించింది. ఇప్పుడు అక్కడి రోడ్ల బోర్డుల మీద, 2018లో మొదలైన హరమైన్ రైలు టికెట్ల మీద అదే స్పెల్లింగు. కానీ ఇంగ్లీషు పత్రికలు చాలావరకు పాతదే రాస్తున్నాయి. హజ్‌కు వెళ్ళే పెద్దలకు కాగితాలు నింపిపెట్టే పిల్లలు ఈ రెండూ ఒకే ఊరని గుర్తుంచుకోండి. ఒక పెద్దాయన హోటల్ కాగితం మీద కె-లు చూసి, ఇది వేరే ఊరేమో అని కంగారుపడి నాకు ఫోన్ చేశారు.

ఒక అక్షరం మారితే ఏమైందిలే అంటారేమో. మన కడప వాళ్ళు ఆ మాట అనకూడదు. మన ఊరి పేరు ఎన్నాళ్ళు సి, యు, డి, డి, ఎ, పి, ఎ, హెచ్ అని రాశాం! అది చదివి బయటివాడు ‘కుడ్డపా’ అనేవాడు. 2005లో గానీ దాన్ని కె-తో మార్చుకోలేదు. ఊరికి గడప అన్న అర్థమున్న పేరు మనది అని పెద్దలు చెబుతారు. ‘కుడ్డపా’లో ఆ గడప ఎక్కడుంది? మనకు సి పోయి కె వచ్చింది, మక్కాకూ సి పోయి కె వచ్చింది. మన ఊరికి హెచ్ ఊడిపోయింది, వాళ్ళకు హెచ్ చేరింది. అంతే తేడా.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లవాడి పేరు చివరి అహ్మద్‌ను అడ్మిషన్ రిజిస్టర్‌లో ఇ-తో రాశాను. అదే పిల్లవాడు పదో తరగతికి వచ్చినప్పుడు నామినల్ రోల్ రాసిందీ నేనే, అప్పుడు ఎ-తో రాశాను. రెండూ సరైనవే గదా అనుకున్నాను. ఆ అబ్బాయికి పెరిగి పెద్దయ్యాక కువైట్‌లో ఉద్యోగం వచ్చింది. టీసీలో ఒక పేరు, టెన్త్ సర్టిఫికెట్‌లో ఒక పేరు. అఫిడవిట్ అన్నారు, మరొకటి అన్నారు. తిరిగి తిరిగి అన్నీ తెచ్చేసరికి వీసా గడువు దాటిపోయింది. నా దగ్గరికి వచ్చినప్పుడు “పర్లేదు మేడమ్, ఇంకోటి వస్తుందిలే” అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అప్పటినుంచి తండ్రి చేతి కాగితం చూసి, ఒక్కో అక్షరం వేలు పెట్టి రాస్తాను. షేక్ చివర హెచ్ ఉందా లేదా, మొహమ్మద్ పూర్తిగా రాయాలా ఎం, డి అని చాలా అని అడిగి మరీ రాస్తాను. ఈ రోజు స్కాలర్‌షిప్ తీసుకుంటున్న పిల్లలు ఇంటికి వెళ్ళి ఆధార్‌లో, బడిలో, బ్యాంకు పుస్తకంలో మీ పేరు ఒకే విధంగా ఉందో లేదో చూసుకోండి.

ఇక అర్థం సంగతికి వస్తాను. పరుపుల ఆయన బాధ స్పెల్లింగు గురించి కాదు గదా.

ఇంగ్లీషుకు ఊరి పేర్లు ఎత్తుకొచ్చి మామూలు మాటలుగా మార్చుకోవడం పాత అలవాటు. మోసుల్ నగరం నుంచి మస్లిన్, డమాస్కస్ నుంచి డమాస్క్ అనే బట్ట, కాలికట్ నుంచి కాలికో, యమన్‌లోని ముఖా రేవు నుంచి మోకా కాఫీ. మన తెలుగు ఊరు కూడా ఒకటి ఉంది. ఇంగ్లీషు డిక్షనరీలో ‘గోల్కొండ’ అని చూడండి, అంతులేని సంపద దొరికే చోటు అని అర్థం ఇచ్చి ఉంటుంది. గొల్లల కొండ ధనాగారం ఎలా అయింది? కృష్ణా ఒడ్డున కొల్లూరు వంటి గనుల్లో దొరికిన వజ్రాలు గోల్కొండ బజారుకు చేరేవి. అక్కడ కొనుక్కున్న యూరప్ వర్తకులకు తవ్వినవాళ్ళ ఊరు అక్కర్లేదు, అమ్మిన ఊరి పేరే గుర్తు. 1687లో కుతుబ్‌షాహీల రాజ్యం పోయింది, గనులు అడుగంటాయి, మాట మాత్రం ఇంగ్లీషులో మిగిలిపోయింది. ఒక భాష మన ఊరి పేరు తీసుకుపోయేటప్పుడు ఊరినంతా తీసుకుపోదు. తన కంటికి ఆనిన ఒక్క ముక్కనే తీసుకుపోతుంది. గోల్కొండలో దానికి డబ్బు కనిపించింది.

మక్కాలో దానికి కనిపించింది జనం. ఏటా ఎక్కడెక్కడి నుంచో, ఎంత కష్టమైనా ఓర్చుకొని, జీవితంలో ఒక్కసారైనా చూడాలని జనం తరలివెళ్ళే చోటు. 19వ శతాబ్దం నాటికే ఇంగ్లీషువాళ్ళు ఈ పేరును ఆ అర్థంలో వాడుతున్నారు. ఒక అభిరుచి ఉన్నవాళ్ళందరినీ లాగే చోటు అని డిక్షనరీలు అర్థం చెబుతాయి. కొన్ని పెద్ద అక్షరంతో, కొన్ని చిన్న అక్షరంతో రాస్తాయి. మన తెలుగు పేపర్లు కూడా ‘క్రికెట్ మక్కా లార్డ్స్’ అని హెడ్డింగులు పెడుతుంటాయి. అది ఇంగ్లీషును చూసి రాసిందే.

ఇలా పోల్చడం మనకు కొత్తేం కాదు. ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటాం, తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు. హిందూ సోదరులు ఒక్కో క్షేత్రాన్ని దక్షిణ కాశి అంటారు. కానీ గమనించండి, వాళ్ళు గుడిని గుడితో పోల్చారు, మనం బజారును బజారుతో పోల్చాం. ఇంగ్లీషులో ఆ హద్దు లేదు. అందుకని ఆ మాట ఎక్కడెక్కడికో పోయింది.

అమెరికాలో కాలిఫోర్నియాలో మెక్కా అనే చిన్న ఊరు ఉంది. ముందు దాని పేరు వాల్టర్స్. సముద్రమట్టానికి దిగువనున్న ఎడారి నేల, అక్కడ ఖర్జూరపు తోటలు వేశారు. ఎడారీ ఖర్జూరాలూ చూసి ఆ పేరు పెట్టారు. ఇందులో నాకు తప్పేమీ కనిపించలేదు. వాషింగ్టన్‌లో హోవర్డ్ విశ్వవిద్యాలయం ఉంది. నల్లజాతి విద్యార్థుల కోసం వెలిసిన పెద్ద చదువుల తల్లి అది. అక్కడి విద్యార్థులు తమ విశ్వవిద్యాలయాన్ని ప్రేమతో ‘ది మెక్కా’ అని పిలుచుకుంటారు. చదువుకునే చోటుకు ఆ పేరు పెట్టుకున్నారంటే నాకు సంతోషమే కలిగింది. టీచర్ని కదా, కొంచెం పక్షపాతం ఉంటుంది.

బ్రిటన్‌లో వ్యవహారం వేరు. అక్కడ మెక్కా అనే కంపెనీ ఉండేది. డాన్సు హాళ్ళు నడిపేది. 1951లో ప్రపంచ సుందరి పోటీలు మొదలైంది దాని తరఫునే. 1960లో అక్కడ జూదం చట్టం మారాక అదే పేరుతో బింగో క్లబ్బులు వచ్చాయి. బింగో అంటే మన తంబోలా లాంటిది, అంకెల చీటీలతో ఆడేది, అక్కడ డబ్బు పందెంగా పెడతారు. ఇప్పటికీ ఆ క్లబ్బుల బోర్డుల మీద ఆ పేరే ఉంది. ఇది చదివినప్పుడు నా మనసు చివుక్కుమంది. పెట్టినవాళ్ళు మనల్ని అవమానించాలని పెట్టి ఉండకపోవచ్చు. అయినా ఏ పనిని ఆ ఊరి ప్రవక్త (స) నిషేధమని చెప్పారో ఆ పనికే ఆ ఊరి పేరు తగిలించారు. ముస్లిం పిల్లలు ఆ వీధుల్లోనే బడికి పోతుంటారు. వెనక బెంచీలో తల దించుకున్న మా పిల్లవాడు నాకు గుర్తొచ్చాడు.

లార్డ్స్ సంగతి అలా కాదు. క్రికెట్ పిచ్చి ఉన్నవాడు ఆ మైదానాన్ని ఒక్కసారి చూస్తే చాలనుకుంటాడు. ఆ ఆరాటం ఎలాంటిదో చెప్పడానికి లోకంలో అంతకంటే పెద్ద ఆరాటం ఏదని వెతికితే అతనికి మన మక్కా దొరికింది. అది మనల్ని తక్కువ చేయడం కాదు. ఈ మాట నేను పరుపుల ఆయనకు చెప్పాను. ముహమ్మద్ అసద్ అని ఒకాయన ఉండేవారు. యూదు కుటుంబంలో పుట్టి, 1926లో ఇస్లాం స్వీకరించి, ఖుర్ఆన్‌ను ఇంగ్లీషులోకి అనువదించినవారు. 1954లో వచ్చిన ఆయన ఆత్మకథ పేరు ‘ది రోడ్ టు మెక్కా’. అందులో ఇ-నే ఉంది, సి-లే ఉన్నాయి. కాబట్టి పాత స్పెల్లింగు చూసినంత మాత్రాన ఎవరూ గొడవకు పోనక్కర్లేదు.

కానీ ఆయనకు ఇంకో మాట కూడా చెప్పాను. ఆ ఇంగ్లీషు మాటలో లోపం ఒకటి నిజంగా ఉంది. జనం వెళ్ళడం దగ్గరే అది ఆగిపోయింది. వెళ్ళినవాడికి అక్కడ ఏమవుతుందో దానికి పట్టలేదు. లార్డ్స్‌కు వెళ్ళినవాడు టికెట్ ధరను బట్టి కూర్చుంటాడు. మెంబర్లకు వేరే పెవిలియన్. మక్కాలో కోటీశ్వరుడైనా కూలివాడైనా మగవాడికి కుట్టని రెండు గుడ్డలే ఇహ్రాం. తవాఫ్‌లో ఎవరి పక్కన ఎవరు నడుస్తారో ఎవరికీ తెలియదు. 1964లో అమెరికా నుంచి మాల్కం ఎక్స్ హజ్‌కు వెళ్ళాడు. తెల్లవాళ్ళంతా చెడ్డవాళ్ళని అప్పటిదాకా ఊరూరా ఉపన్యాసాలిచ్చిన మనిషి. అక్కడ తెల్లతోలు, నీలికళ్ళ ముస్లింలతో ఒకే పళ్ళెంలో తిన్నాడు, ఒకే గ్లాసులో తాగాడు, వాళ్ళ పక్కన నిలబడి నమాజు చేశాడు. తన అభిప్రాయం మార్చుకున్నానని అక్కడినుంచే ఉత్తరాలు రాశాడు. మరుసటి ఏడు వచ్చిన ఆయన ఆత్మకథలో ‘మెక్కా’ అని ఒక అధ్యాయమే ఉంది. ఆ అధ్యాయంలో ఉన్న అర్థం డిక్షనరీలో రాలేదు.

నేనిలా చెబుతుంటే పరుపుల ఆయన మధ్యలో ఆపి, “మా అమ్మ కూడా అట్లాంటిదే చెప్పింది మేడమ్” అన్నాడు. మినాలో గుడారంలో ఆమె పక్కన పడుకున్నావిడ ఏ దేశమో ఆమెకు తెలియదట. భాష తెలియదు. ఇద్దరూ ఒకరి కాళ్ళు ఒకరు పిసికి పెట్టుకున్నారట.

తర్వాతి వారం మళ్ళీ ఆ పాఠం తీశాను. ఈసారి సిలబస్ ఆగినా పరవాలేదనుకున్నాను. మక్కా అంటే ఏమిటో తెలియని పిల్లలు క్లాసులో సగం మందికి పైనే ఉన్నారు. నవ్విన పిల్లవాడికీ తెలియదు, అది వాడి తప్పు కాదు. ఎవరు చెప్పారని తెలుస్తుంది? హజ్ గురించి చెప్పమని వెనక బెంచీ అబ్బాయినే ముందుకు పిలిచాను. దాదీ చెప్పినవన్నీ చెప్పాడు, పది నిమిషాలు ఆగకుండా. ఏడు చుట్లని ఎగతాళి చేసినవాడే, “మరి అంతమందిలో తప్పిపోతే ఎట్లారా?” అని నిజంగా అడిగాడు.

ఆ రోజు బోర్డు మీద నేను రాసిపెట్టింది ఇది. ఊరి పేరుగా రాస్తే పెద్ద ఎం-తో మొదలుపెట్టి కె-లతో రాయండి, ఆ ఊరివాళ్ళు అలా రాయమన్నారు కనుక. పోలికగా వాడితే చిన్న ఎం-తో, సి-లతో రాయండి, అది ఇంగ్లీషువాళ్ళ మాట కనుక. పుస్తకంలో ఊరిని సి-లతో రాసి ఉంటే తప్పని కొట్టేయకండి. పోలిక వాడేముందు, ఇది చదివి ఎవరి దాదీ అయినా బాధపడుతుందా అని ఒక్క క్షణం ఆలోచించండి. ఈ చివరిది ఏ గ్రామర్ పుస్తకంలోనూ లేదు, నేను కలిపిందే.

యూనిట్ టెస్టులో ఆ మాటతో సొంత వాక్యం రాయమని రెండు మార్కులకు ఇచ్చాను. చాలామంది లార్డ్స్‌నే మళ్ళీ రాశారు. ఒకమ్మాయి హైదరాబాదు బిర్యానీకి మెక్కా అని రాసింది, సరేనన్నాను. వెనక బెంచీ అబ్బాయి ఒకటి అడిగితే రెండు వాక్యాలు రాశాడు. మా దాదీ మక్కా నుంచి తిరిగి వచ్చింది అని మొదటిది, పెద్ద అక్షరం, కె-లు. జమ్ జమ్ నీళ్ళకు, ఖర్జూరాలకు, దుఆ చేయించుకోవడానికి అందరూ వస్తుంటే నలభై రోజులు మా ఇల్లే మా వీధికి మెక్కా అయింది అని రెండోది, చిన్న అక్షరం, సి-లు. గ్రాండ్‌మదర్‌లో ‘డి’ ఎగిరిపోయినందుకు అర మార్కు కోసి ఒకటిన్నర వేశాను. పేపరు మీద నాన్న సంతకం చేయించుకు రమ్మన్నాను. మరుసటి రోజు తెచ్చాడు. ఆ రెండు వాక్యాల పక్కనే, ఉర్దూలో, పెద్ద అక్షరాలతో సంతకం ఉంది.